ఫుప్పూ ఫోను

కూతురు స్రవ్యను ఒళ్ళో అటు పక్కకు మార్చుకొని, బేబీ మళ్ళీ ఫోనును కళ్ళకు దగ్గరగా తెచ్చుకుంది. ఎర్ర చుక్క ఉన్న గడులు మాత్రం తప్పకుండా నింపాలని, చుక్క లేనివి వదిలేయొచ్చని, పార్లర్‌కు ఆన్‌లైన్ బుకింగ్ పెట్టడం నేర్పే వీడియోలో అబ్బాయి చెప్పాడు. కానీ ఖాళీ గడిని వదిలేయడం బేబీ వల్ల కాదు. బడిలో సగం ఖాళీగా ఉన్న పరీక్ష కాగితం చేతికిచ్చి గోడ దగ్గర నిలబెట్టిన రోజులను ఆమె ఇంకా మరిచిపోలేదు. అందుకని చుక్క ఉన్నా లేకపోయినా అన్నీ నింపుతోంది.

"ఎందాక అచ్చింది?" అడిగింది అజీజున్నీసా ఆపా. పళ్ళ మధ్య దారం ఉంది కాబట్టి మాట సగమే బయటికొచ్చింది. కుర్చీలో వెనక్కి వాలిన అమ్మాయి తన కనుబొమ్మ చర్మాన్ని తానే రెండు వేళ్ళతో బిగబట్టి, కళ్ళు మూసుకొని కూర్చుంది. 

"అయిపోవచ్చింది ఆపా. ఏమేం పనులు చేస్తమో అడుగుతుంది. దాంట్లనే ఉన్నయి, మనం ఒత్తుడే."

"అన్నీ ఒత్తు."

వెనక గదిలో స్టవ్ మీద చక్కెర, నిమ్మరసం కలిపిన వ్యాక్సింగ్ పాకాన్ని తిప్పుతున్న నీలమ్మ తల బయటికి పెట్టింది. "దానికి పైసలెంతనే?"

"ఫ్రీ అక్కా."

"ఫ్రీగా ఎవడన్న ఎందుకిస్తడు? నా మొగడు గూడ ఫ్రీగా ఒక్క మాట మాట్లాడడు."

కుర్చీలో అమ్మాయి కదలకుండా నవ్వబోయింది. ఆపా ఆమె నుదుటి మీద చిన్నగా తట్టింది. "హిల్‌నా నై. బొమ్మ సగం పోతది."

జహనుమా గల్లీల్లో ఆ పార్లర్‌కు బయట పెద్ద బోర్డేమీ లేదు. ఇంటి కింది గదికి పచ్చ పరదా, దాని వెనక ఇంకో చిన్న గదికి ఇంకో పరదా. వచ్చే ఆడవాళ్ళలో చాలామందికి సొంత ఫోను ఉండదు. మొగుడిదో, అత్తదో, మరిదిదో తీసుకొని మిస్డ్ కాల్ ఇస్తారు. కాసేపటికి ఆపా తిరిగి చేస్తుంది. మగవాళ్ళు ఎత్తితే, "సలామ్ బేటా, నేను ఫుప్పూను. దుల్హన్‌కియ్యి," అంటుంది. ఫుప్పూ, అంటే మేనత్త, లేని ఇల్లు ఎక్కడుంటుంది? ఫోను లోపలికి, కోడలి చేతికి పోతుంది. "హా ఫుప్పూ, రేపు జొహర్ నమాజ్ తర్వాత," అని అవతలి గొంతు. అంతే. ఏం పనికి వస్తున్నదీ ఎవరూ పైకి అనరు. పార్లర్ ఫోనుకు ఫుప్పూ ఫోనని పేరే పడిపోయింది.

ఈ మధ్య ఆపా ఆడబిడ్డ కిషన్‌బాగ్‌లో తన పార్లర్‌కు ఆన్‌లైన్ బుకింగ్ పెట్టించుకుంది. అప్పటి నుంచి ఆపాకు మనసు ఆగడం లేదు. "నువ్వు ఇంటర్ చదివినవ్ గద బేబీ, నీకు వస్తది గద?" అని అడిగింది. పనిలో చేరేటప్పుడు చెప్పిన ఇంటర్ అది. తొమ్మిదో తరగతి సగంలో ఆగిన చదువును అంతదాకా లాగి చెప్పింది బేబీ. వస్తుందనే చెప్పింది. ఇది నడిస్తే వాకిలి పక్కన చిన్న టేబుల్, కుర్చీ వేస్తానని, ఫోను బేబీనే చూసుకోమని ఆపా అన్నది. అక్కడ కూర్చుంటే స్రవ్యను కాళ్ళ దగ్గర ఆడించుకోవచ్చు. వెనక గదిలో కాగే పాకం దగ్గర మూడేళ్ళ పిల్లను పెట్టుకొని పని చేయడమంటే చేతులు ఒక చోట, ప్రాణం ఒక చోట. పోయిన నెల పిల్ల మణికట్టు మీద ఒక చుక్క పడి పొక్కింది. ఆ మచ్చను బేబీ రోజూ తడిమి చూసుకుంటుంది.

చివరి గడి నింపి ఒత్తింది. తెర మీద పచ్చటి టిక్ వచ్చింది.

"అయింది ఆపా."

ఆపా దారం తెంపి, ఫోను అందుకొని, తన పార్లర్ పేరును తెర మీద చాలాసేపు చూసుకుంది. చదవడం రాదు. గులాబీ రంగు మాత్రం నచ్చింది. "చదువుకున్న పిల్ల ఇంట్ల ఉంటే గిట్ల ఉంటది," అంది నీలమ్మతో. బేబీ తలవంచుకొని స్రవ్య జుట్టు సర్దింది.

మరుసటి పొద్దున మొదటి మిస్డ్ కాల్ తహ్రీమ్‌ది. చలికాలంలో పెళ్ళయి వెనక గల్లీలోకి కాపురానికి వచ్చిన అమ్మాయి. ఆమె వచ్చినప్పుడు ఆపా ముందు గది ఖాళీ అయ్యేదాకా ఏదో ఒకటి చేస్తూ కూర్చుంటుంది. తర్వాత లోపలి గదికి తీసుకుపోయి, పౌడరద్ది, గడ్డం కింద వచ్చే వెంట్రుకలను దారంతో తీస్తుంది. ఎరుపు తగ్గేదాకా మంచుముక్క పెట్టి కూర్చోబెడుతుంది. బయట ఇంకెవరి చెప్పులూ లేవని నీలమ్మ చూసి చెప్పాకే పంపిస్తుంది. ఇదంతా ఎవరూ ఎవరికీ నేర్పలేదు, అలా జరుగుతుందంతే.

ఆపా చేతులకు హెన్నా అంటి ఉంది. "నువ్వే చూడు," అంది.

బేబీ తిరిగి ఫోను చేయలేదు. చేయనక్కర్లేదు ఇప్పుడు. తహ్రీమ్ ఎప్పుడొచ్చినా జొహర్ తర్వాతే కాబట్టి ఆ వేళనే నొక్కింది. పేరు గడిలో పేరు. నంబర్ గడిలో, మిస్డ్ కాల్ వచ్చిన నంబర్. పని గడిలో, వరసగా కనిపించిన వాటిలో నుంచి సరైనదాన్నే వెతికి పట్టుకుంది. కస్టమర్‌కు దానంతటదే మెసేజ్ పోతుందని వీడియోలో విన్నది. కస్టమరంటే తహ్రీమే అనుకుంది.

మరునాడు మధ్యాహ్నం జొహర్ దాటింది, సాయంత్రం అసర్ దాటింది. తహ్రీమ్ రాలేదు. ఆమె అత్త వచ్చింది.

పెద్దావిడ బురఖా మొహం మీదది పైకెత్తి, గోడ దగ్గర స్టూలు మీద కూర్చుంది. నీలమ్మ తెచ్చిన నీళ్ళు ముట్టలేదు.

"అజీజున్నీసా, మీ అమ్మ ఉన్నప్పటి నుంచి ఈ గడప ఎక్కుతున్న నేను."

"అవును ఖాలా."

"రాత్రి దస్తర్‌ఖాన్ మీద అందరం కూసొని తింటున్నం. నా చిన్నకొడుకు షాహెద్ నవ్వుకుంట అంటడు, భాభీకి మనకంటె గడ్డం మంచిగొస్తదంట అని. పెద్దోడు ముద్ద ఆడనే ఇడిచి లేచిపోయిండు. దుల్హన్‌ను అడిగితే నేను గసొంటి పనికి పోనే పోలేదంటది. పోకుంటె మాట యాడికెల్లి పుట్టింది? మీ కాడికెల్లే అచ్చిందంటడు షాహెద్, ఎట్లచ్చిందో చెప్పడు."

ఆపా చేతిలో దువ్వెన ఆగిపోయింది. "నా నోటి నుంచి గట్ల ఎన్నడన్న వచ్చిందా ఖాలా?"

"నీ నోరు నాకు తెల్వదా? నీ నోరు గాదు." ఆవిడ చూపు నీలమ్మ మీద ఒక్క క్షణం నిలిచింది. "మా వెనకింట్ల గిన్నెలు తోముతది గద ఈమె. ఇంక నేనేం అనను." మొహం మీద పరదా దించుకొని లేచింది.

టేబుల్ దగ్గర కొత్త కుర్చీలో కూర్చున్న బేబీ, ఒళ్ళో పెట్టుకున్న ఫోనులో తహ్రీమ్ పేరు మీద వేలు పెట్టింది. కింద ఇంగ్లీషు అక్షరాలు విప్పుకున్నాయి. డియర్ తహ్రీమ్, చిన్ అండ్ అప్పర్ లిప్ థ్రెడింగ్. చివరన పార్లర్ పేరు. దాని పక్కన పోయిందని చెప్పే గుర్తు. ఆ నంబర్ తహ్రీమ్ మొగుడు ఖదీర్‌ది. షాహెద్ అన్న ఫోనులోనే చదివి ఉంటాడు. తనకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు. తెలిసే వేసింది, గడి అడిగింది కాబట్టి. మెసేజ్ కూడా ఆ నంబర్‌కే పోతుందని మాత్రం తట్టలేదు.

"నీలమ్మా," అంది ఆపా. గొంతు పెంచలేదు. ఆ గొంతు పెరిగితే బాగుండునని బేబీకి అనిపించింది. "ఇన్నేండ్ల నుంచి నువ్వు చూస్తనే ఉన్నవ్. ఇక్కడికెల్లి మాట పోతే ఏమైతదో నీకు చెప్పాల్నా?"

"నేనేమనలే ఆపా."

"మరి గోడలన్నయా?"

"నాకేం తెల్సు. నేనైతె అనలే."

"రేపటి సంది రాకు."

నీలమ్మ వెనక గదిలోకి పోయింది. స్టవ్ ఆపింది. కొంగు అంచుతో పాకం గిన్నె పట్టుకొని దించి, మూత పెట్టింది. వాడేసిన ముక్కలు తీసి కవర్లో పెట్టుకుంది. అవి పాత జీన్‌ప్యాంట్లను పొడుగ్గా కత్తిరించిన పట్టీలు. ఒంటి మీద పాకం పూసి, వాటితోనే వెంట్రుకలు లాగుతారు. ఆమె వాటిని ఇంటికి తీసుకుపోయి ఉడుకునీళ్ళలో ఉతికి తెస్తుంది. బేబీ నోరు తెరిచింది. నీలమ్మను అమ్మమ్మా అని పిలిచే స్రవ్య అప్పుడే, "మమ్మీ, అమ్మమ్మ పోతుంది," అని నీలమ్మ వెనక పరుగెత్తబోతే, పిల్లను పట్టుకోవడానికి లేచింది. పట్టుకున్నాక మళ్ళీ కూర్చుంది. చెప్పాల్సిన మాట అప్పటికి దాటిపోయింది.

మరునాడు పాకం బేబీయే కాచింది. తీగ రావాల్సిన చోట గట్టిపడి నల్లబడింది. రెండోసారి పల్చనై జారింది. వచ్చిన ఆడవాళ్ళందరికీ సంగతి తెలిసే ఉంది.

"నీలమ్మంట గదా?" అంది ఒకామె, చేయి చాపుకొని.

"ఆ ఆడిదాని నోట్ల నువ్వుగింజ నానదు. నాకు మొదటి సంది అనుమానమే," అంది ఇంకొకామె. "మా ఇంట్ల గిన్నెలకు గూడ రావద్దని చెప్పిన."

బేబీ పట్టీ అతికించి లాగింది. ఆమె కెవ్వుమంది. "జెర చూసి గుంజు పిల్లా. ఫోన్లెక్క గాదు ఇది."

సాయంత్రం స్రవ్యను ఎత్తుకొని ఇంటికి పోతుంటే, కూరగాయల బండి పక్కన నీలమ్మ కనబడింది. తప్పించుకొని పక్క గల్లీలోకి తిరుగుదామనుకునేలోపే పిల్ల చేయి ఊపింది.

"నీ తానికే వద్దామనుకున్న," అంది నీలమ్మ. చేతికి కవరిచ్చింది. "గీ పట్టీలు ఆపాకియ్యి. ఉతికిన. నా కాడ ఎందుకు అవి."

"అక్కా..."

"వెనక గల్లీల ఇండ్లన్నీ పోయినయి బేబీ. ఒకామెనైతె వాకిట్లనే ఆపింది. లోపలికి రాకు, మా ఇంట్ల గూడ పిల్లలున్నరన్నది. నేనేమన్న రోగమా?" నవ్వడానికి చూసింది. "నువ్వు గూడ నేనే అన్ననని అనుకుంటున్నవా?"

"లేదక్కా. నువ్వు అనలే."

"మరి గా మాట ఆపా ముందట ఎందుకనలే?"

బేబీ కవరు ముడి విప్పి మళ్ళీ వేసింది. నీలమ్మ స్రవ్య చెంప మీద చేయి వేసి, "కుర్చీల కూసుంటున్నదట గద, మంచిగున్నదా మీ అమ్మకు?" అని పిల్లనే అడిగింది. "ఆ పొయ్యి కాడికి పోకు బిడ్డా," అని చెప్పి, జనంలో కలిసిపోయింది.

ఇంట్లో బేబీ అన్నం వండింది, పిల్లకు పెట్టింది, మొగుడు నగేష్ ఆటో పెట్టి వచ్చాక అతనికి వడ్డించింది. "ఏంది, మాట్లాడతలేవు?" అంటే తలనొప్పి అని చెప్పింది. తన ఫోనులోనూ పెట్టుకున్న బుకింగ్ తెరిచి, మెసేజ్‌ను తీసేయొచ్చేమో అని చూసింది. తన ఫోనులోంచి తీసేయొచ్చు. అవతలి ఫోనులోంచి కాదు.

పొద్దున తలుపు తీయకముందే పార్లర్‌కు పోయింది. ఆపా వాకిట్లో నీళ్ళు చల్లుతోంది.

"ఆపా, నీలమ్మక్క అనలే. మెసేజ్ పోయింది."

"ఏం మెసేజ్?"

చూపించింది. ఆపాకు చదవడం రాదు కాబట్టి తానే చదవాలి. చదివి, గడ్డమని, మూతి అని, తెలుగులో అర్థం చెప్పింది. ఎవరి నంబర్‌కు పోయిందో చెప్పింది. ఆపా తిట్టలేదు. బకెట్ పక్కన పెట్టి, తడి చేతులు దుపట్టాకు తుడుచుకుంది.

"నీకెప్పుడు తెల్సింది?"

"ఖాలా వచ్చిన నాడే."

"నీలమ్మ పోతుంటే నువ్వు కుర్చీల ఉన్నవ్."

"ఉన్న."

ఆపా ఆమె వైపు చూడకుండా లోపలికి పోయి ఫోను తెచ్చుకుంది. ఖదీర్ ఎత్తాడు. "సలామ్ బేటా, నేను ఫుప్పూను. దుల్హన్‌కియ్యి." కాసేపు విన్నది. ఊఁ కొట్టింది. పెట్టేసింది.

"మొగుడు పక్కనే ఉన్నడు. నాకు జరం గిట్ల ఏం లేదు ఫుప్పూ, మీకెవరో తప్పు చెప్పిండ్రు, అంటది. పోనే పోలేదన్న మాట మీదనే నిలబడ్డదన్నట్టు. పొద్దుమూకితే కార్వాన్‌ల అమ్మ ఇంటికి పంపిస్తున్నరట. కొన్ని దినాలు ఉండి రమ్మని." ఆపా మెట్టు మీద కూలబడింది. "కొన్ని దినాలంటే ఎన్ని దినాలో మనకు తెల్వదా?"

మెసేజ్ నిజమంటే తహ్రీమ్ అబద్ధమాడినట్టు. మెసేజే లేదంటే నీలమ్మ నోరు జారినట్టు. 

"తప్పు పేరు పడ్డదని నేను పోయి చెప్త," అంది ఆపా చివరికి.

"మీరు చెప్తే నమ్మరు ఆపా. కస్టమర్‌ను కాపాడుతున్నరంటరు. రాసింది నేను. ఇంగ్లీషు చదవరాక ఒకరి పని ఇంకొకరి పేరుకు పెట్టినని నేనే చెప్త."

"ఇంటర్ చదివిన పిల్లకు చదవరాదంటే ఎవరు నమ్ముతరు?"

"తొమ్మిది ఆపా," అంది బేబీ. చెవులు వేడెక్కాయి. "అది గూడ సగమే."

ఆపా ఆమె మొహంలోకి చూసింది. "ఇయ్యాల చెప్తే రేపటికి గల్లీ మొత్తం తెలుస్తది. నీకు పేర్లు చెప్పనీకి ఎవరూ ఒప్పుకోరు. గా కుర్చీల మరి..."

"తెల్సు ఆపా."

ఆ రోజు జుమ్మా. మగవాళ్ళు నమాజు నుంచి వచ్చేదాకా ఆగి, స్రవ్యను చంకనేసుకొని బేబీ ఒక్కతే పోయింది. ఆపా వస్తానంటే వద్దన్నది.

తహ్రీమ్ అత్త చెక్క తఖ్త్ మీద కూర్చొని గోరుచిక్కుడు గిల్లుతోంది. ఖదీర్ గోడకు ఆనుకొని ఉన్నాడు. వాకిలి పక్కన ఒక బ్యాగు సర్ది పెట్టి ఉంది. బేబీ నిలబడే చెప్పింది. దారి పొడుగునా కూడబలుక్కున్నదంతా ఒక్క ఊపులో వచ్చేసింది. పార్లర్‌ల ఫోను తనే చూస్తుందని, బుకింగ్ కొత్తగా పెట్టిండ్రని, వేరే ఆమె పనిని తహ్రీమ్ పేరు మీద ఒత్తిందని, నీలమ్మకు దీంట్ల ఏం సంబంధం లేదని.

"గట్లెట్ల పడుతది పేరు?" అంది అత్త.

"నాకు చదువు రాదు ఖాలా."

"ఇంటర్ పిల్లను పెట్టిన అని చెప్పుకున్నది గద అజీజున్నీసా."

"నేనే అబద్ధం చెప్పిన ఆపాకు. పని కోసం."

ఖదీర్ జేబులోంచి ఫోను తీసి, వెతికి, ఆమె ముందు పెట్టాడు. "చదువు."

అదే మెసేజ్. మొన్నటి నుంచి అది ఆమెకు కళ్ళు మూసుకున్నా కనబడుతోంది. ఒక్కో మాటా పలకగలదు, అర్థమూ తెలుసు. బేబీ అక్షరాల కింద వేలు పెట్టింది. "డి... డియర్," అంది. పేరు దగ్గర ఆగి, కూడబలుక్కొని, "త... తహ్రీమ్," అంది. తర్వాతి మాట మీద వేలు నిలిచిపోయింది. పెదవులు కదిలించింది. మాట రానివ్వలేదు.

లోపలి నుంచి షాహెద్ వచ్చి మెడ చాచి చూశాడు. "అరే, గిది గూడ రాదా? మా గల్లీల ఒకటో తరగతోడు చదువుతడు."

"రాదు భాయ్."

"గిసొంటోళ్ళకు ఫోనిచ్చి కూసోబెడితె గిట్లనే ఉంటది," అని నవ్వాడు. స్రవ్య అతని నవ్వు చూసి తానూ నవ్వింది. బేబీ పిల్ల మొహాన్ని భుజానికి అదుముకుంది.

ఖదీర్ ఫోను వెనక్కి తీసుకోలేదు. "మరి ఇది ఎవరి పని? ఆ వేరే ఆమె ఎవరు?"

ఆ ప్రశ్న వస్తుందని ఆమె అనుకోలేదు.

"అది చెప్పను భాయ్," అంది. "ఆమె గూడ ఒకరింటి దుల్హనే గద."

గోరుచిక్కుడు గిల్లే చేతులు ఆగాయి. అత్త కొడుకు వైపు చూసింది. కొడుకు ఫోను జేబులో పెట్టుకొని, కళ్ళు నేలకు దించాడు. కాసేపటికి వంగి, వాకిలి పక్కన ఉన్న బ్యాగును తీసుకొని లోపలికి పోయాడు.

"వెనకింటోళ్ళకు నేను చెప్త, నీలమ్మను పిలుచుకోమని," అంది అత్త, మళ్ళీ గిల్లుతూ. "ఉత్తగ ముసల్దాని ఉసురు తగులుతది. తహ్రీమ్, ఇటు రా. పిల్లకు నీళ్ళియ్యి."

తహ్రీమ్ పరదా తప్పించుకొని వచ్చింది. దుపట్టా ముక్కు దాకా కప్పుకొని ఉంది. గ్లాసు స్రవ్య చేతికిచ్చింది. బేబీ కళ్ళలోకి చూడలేదు.

"మాఫీ అడుగు ఆమెను," అంది అత్త బేబీతో. "నీ వల్లనే ఇంత లొల్లి."

"మాఫ్ చెయ్యమ్మా," అంది బేబీ. "తప్పయింది."

లోపల బ్యాగు విప్పుతున్న చప్పుడు వినబడుతోంది. అప్పుడు తహ్రీమ్, అందరికీ వినబడేలా, అంది. "చదువు రాకుంటె రాదని ముందే చెప్పాలె. ఎవరిదో ఇజ్జత్ ఎందుకు తీస్తవు?"

అత్త కోసం అన్నదో, తన కోసమే అన్నదో ఆ గొంతులో తెలియలేదు. రెండూ కావచ్చు. బేబీ గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆగి, పిల్ల మూతి కొంగుతో తుడిచి, ఖాళీ గ్లాసును తహ్రీమ్ చేతికిచ్చింది.

"నిజమే అమ్మా," అంది. "ముందే చెప్పాల్సి ఉండె."